వరిలో ముడి

ఉద్దానం అంచున చిత్తడి బీలను ఎండగట్టి వరి వేసి పదేళ్లయింది. ఆ చేలో నీలయ్య ఏటా ఒకే చోట నాలుగు దుబ్బులు కలిపి ముడేస్తాడు.

"పంట పాడుసేత్తన్నావు మావా! ఇదేటి పిచ్చి?" మేనల్లుడు గున్నయ్య కసిరాడు.

నీలయ్యకు ఒళ్లు మండింది. పలాసకు రైలు రాని రోజుల్లో ఈ బురదలోనే, కాళ్లకు పట్టిన జలగలు పీక్కుంటూ తుంగ కోసి, చాపలల్లి బతికారు. ఊబి తగిలితే ముందు నడిచేవాడు అక్కడి తుంగను ముడేసి పోవాలి. వెనక వచ్చేవాళ్లు అది చూసి పక్కకు తప్పుకుంటారు.

"ఊబంటే నీకేటి ఎరికరా?" అంటూ ముడి బిగించాడు.

ఈ చోట ముడెయ్యడం అతను ఒక్కసారే మరిచాడు. ఆ రోజు నెత్తిన తుంగమోపుతో వెనకాల వచ్చింది అతని పెళ్లాం బంగారమ్మ.