ఓవెన్ తలుపు తెరవని శనివారం

పోయిన శనివారం ఆక్లండ్ శివార్లలో, టకానినిలో ఉండే అక్కావాళ్ల ఇంటికి వెళ్లేసరికి అక్క కూతురు వంటింట్లో అరటిపండు కేకు చేస్తోంది. పక్కన నిలబడి కబుర్లు చెబుతూ చెబుతూ, అలవాటు కొద్దీ ఓవెన్ తలుపు పిడి మీద చెయ్యి వేశానో లేదో, పిల్ల చటుక్కున నా మణికట్టు పట్టుకుంది. "పిన్నీ, డోంట్ ఓపెన్ ఇట్. టైమర్ ఉంది కదా, జస్ట్ ట్రస్ట్ ఇట్," అంది. పద్దెనిమిదేళ్ల పిల్ల. ఈ దేశంలోనే పుట్టి పెరిగింది, తెలుగంతా అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే ముందు ఇంగ్లీషే వస్తుంది. నేను నవ్వేసి చెయ్యి తీసేశాను. సోఫాలో కూర్చున్న అక్క మాత్రం నవ్వలేదు. నా వైపు ఒక్కసారి చూసి తల తిప్పుకుంది, ఆమెకి ఏ రోజు గుర్తొచ్చిందో అడగాల్సిన పని లేకుండానే నాకు తెలిసిపోయింది.

నేను పుట్టు పిరికిదాన్నని ముందే చెప్పేయడం మంచిది. ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు ఆఖరి పేజీ చదివి, అందులో మనకి కావలసిన మనుషులంతా బతికే ఉన్నారని రూఢి చేసుకున్నాకే మొదటి పేజీకి వచ్చేదాన్ని. సినిమాకి వెళ్లే ముందు కథ మొత్తం ఎవరినైనా అడిగి తెలుసుకునేదాన్ని, అలా తెలుసుకుంటే ఇక చూడడం దేనికని స్నేహితులు వెక్కిరిస్తే, అప్పుడే కదా హాయిగా చూడగలిగేదని వాదించేదాన్ని. ఇలాంటి పిరికిది రెండు వేల సంవత్సరం దాటిన ఆ తొలి ఏళ్లలో, చదువు పేరు చెప్పి విమానమెక్కి క్రైస్ట్‌చర్చ్ దాకా ఎలా వచ్చిందంటే, అక్కడ అక్క ఉంది కాబట్టి వచ్చింది, అంతే.

అక్కా బావా ఆ ఊళ్లోనే రిక్కార్టన్‌ అనే పేటలో ఒక పాత చెక్క ఇంట్లో అద్దెకుండేవారు. ఆ ఇళ్ల సంగతి అప్పట్లో వచ్చిన వాళ్లకి చెప్పనక్కర్లేదు. బయటికన్నా లోపలే చలెక్కువ, తెల్లారేసరికి కిటికీ అద్దాలన్నీ చెమటలు కారుతూ ఉండేవి, ఒక్క హీటరుని గది నుంచి గదికి లాక్కుంటూ తిరిగేవాళ్లం. అందుకే నాకు బేకింగ్ పిచ్చి పట్టిందనుకుంటాను, ఓవెన్ వెలిగిస్తే వంటిల్లైనా వెచ్చబడేది. యూనివర్సిటీ నుంచి వచ్చే దారిలో లైబ్రరీకి వెళ్లి, ఒక చంకలో నవలలూ ఇంకో చంకలో బొమ్మలున్న వంటల పుస్తకాలూ పెట్టుకుని, వీధి మూల డెయిరీలో పాలూ వెన్నా కొనుక్కుని ఇంటికి చేరేదాన్ని. ఊళ్లో మా ఇంట్లో ఓవెన్ అన్నదే ఎరగం, ఇక్కడేమో అద్దెకొచ్చిన ప్రతి కొంపలోనూ అదొకటి ఉండేది.

అయితే నా కేకు ఒక్కటీ పొంగేది కాదు. లోపల ఏం జరుగుతోందో అన్న బెంగతో నిమిషానికోసారి తలుపు తెరిచి చూసేదాన్ని, చల్లగాలి తగిలి అది మధ్యలోకి కుంగిపోయేది. బావ దాన్ని చెరువంటూ ఏడిపించేవాడు. ఈ వారం చెరువులో నీళ్లు పట్టాయా అని ఫోన్లో కూడా అడిగేవాడు. ఫోన్లో అని ఎందుకంటున్నానంటే, ఆ ఏడాది బావకి ఆక్లండ్‌లో కొత్త ఉద్యోగం వచ్చింది. టకానినిలో ఒక స్నేహితుడింట్లో గది తీసుకుని ఉంటూ, వీలైన వారాంతాల్లో విమానంలో వచ్చి వెళ్లేవాడు. అక్కని కూడా తీసుకువెళ్లిపోదామనుకున్నాడు గానీ అప్పటికే అక్కకి నెల తప్పింది, కాన్పయ్యేదాకా కదిలించవద్దనుకున్నారు.

కదిలించకపోవడానికి కారణం ఉంది. అంతకు ముందు ఏడాది అక్కకి ఏడో నెల వచ్చాక కడుపులోనే బిడ్డ పోయింది. ఆ విషయం మా ఇంట్లో ఎవరూ నోటితో అనేవారు కాదు. అమ్మ ఫోన్ చేస్తే ఏం వండుకున్నారు, చలి ఎలా ఉంది అనే అడిగేది, మేమూ అవే చెప్పేవాళ్లం. అమ్మకి వీసా వచ్చింది గానీ కాన్పు నెలకి వచ్చేలా టిక్కెట్టు తీసుకుంది. అప్పటిదాకా ఇంట్లో అక్కా నేనే. కారు నడపడం రాని, వంటిల్లు దాటి ఏ విద్యా రాని నన్ను నమ్ముకుని అక్కని ఎలా వదిలారా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను.

ఆ నెలల్లో పుస్తకాలూ సినిమాలూ బేకింగూ, నా మూడు పిచ్చులూ అక్క చుట్టూనే తిరిగాయి. లైబ్రరీలో గర్భిణుల పుస్తకాలు తీసుకుని, మంచి జరిగే అధ్యాయాలన్నీ వదిలేసి, చెడు జరిగే అధ్యాయాలే గుండె చేత్తో పట్టుకుని చదివేదాన్ని. ఇంటికొచ్చి పరుపు కింద దాచేదాన్ని. ఇక సినిమాలు. రిక్కార్టన్‌లో మన సరుకులమ్మే కొట్టులో తెలుగు డీవీడీలు అద్దెకిచ్చేవారు. శనివారం మధ్యాహ్నం ఒకే దుప్పటి కప్పుకుని సినిమా చూడడం మా ఇద్దరి ఆచారం. దానికొక నియమం ఉండేది, డిస్కుని శుక్రవారమే తెచ్చి, ముందు నేను ఒక్కదాన్నే మొత్తం చూసేయాలి. అందులో ఎవరూ పోకూడదు, ఆసుపత్రి ఉండకూడదు, ఉయ్యాల ఖాళీగా కనిపించకూడదు. కొట్టు అంకుల్‌కి ఈ గొడవంతా చెప్పలేం కదా, ఫ్యామిలీ సినిమా ఇవ్వండి అని అడిగేదాన్ని. ఆయన ఫైటింగులు లేనివి ఏరి ఇచ్చేవాడు. ఫైటింగులున్నా ఫరవాలేదు అంకుల్, పోయేవాళ్లు లేకపోతే చాలు అనబోయి ఎన్నిసార్లు నోరు మూసుకున్నానో.

ఏడో నెలలో రిక్కార్టన్ ఆంటీలు నలుగురు వచ్చి అక్కకి గాజులు తొడిగారు. మోచేతుల దాకా ఎరుపూ ఆకుపచ్చా మట్టిగాజులు. వాటి చప్పుడు లోపలున్న బిడ్డకి వినిపిస్తుందనీ, ఆ చప్పుడుకే తల్లిని గుర్తుపడుతుందనీ ఒక ఆంటీ చెప్పింది. బిడ్డ సంగతేమో గానీ నాకు మాత్రం ఆ గాజులే ధైర్యం. అక్క ఏ గదిలో ఉన్నా గలగలమంటూ ఉండేవి. కాసేపు ఆ చప్పుడు ఆగిందంటే పుస్తకం పడేసి పరిగెత్తేదాన్ని, తీరా చూస్తే ఆవిడ హాయిగా నిద్రపోతూ ఉండేది.

గాజులు తొడిగాక ఒక శనివారం, ఆఫీసు పని పడి బావ రాలేదు. బయట చలిగాలి విసురుతోంది. కేకు పిండి కలిపి, పళ్లెం ఓవెన్‌లోకి తోసి, వచ్చి దుప్పట్లో దూరాను. సినిమా సగం దాకా వచ్చింది. ఆస్తి గొడవలతో విడిపోయిన అన్నదమ్ముల కథ, ముందురోజే పరీక్షించి పాసు చేసిన సినిమా. అక్క రిమోట్ తీసుకుని ఆపేసింది. తెర మీద పెద్దన్నయ్య ఏదో అనబోతూ నోరు తెరిచి అలాగే ఆగిపోయాడు.

"పొద్దున్నించీ కదల్లేదే," అంది అక్క, చాలా మెల్లిగా.

పరుపు కింద పుస్తకాల్లో చదివిన మాటలన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. ఈ దేశంలో గర్భిణికి మొదటి నుంచీ ఒక మిడ్‌వైఫ్ ఉంటుంది, ఇంటికే వచ్చి చూస్తుంది. మాకున్నావిడ జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, ఎముకలు కొరికే చలిలో కూడా నిక్కరు వేసుకు తిరిగే కివీ పెద్దావిడ. ఫోన్ చేస్తే నా ఇంగ్లీషు నాకే అర్థం కాలేదు, ఆవిడకి మాత్రం అర్థమైంది. దగ్గర్లోనే ఇంకో ఇంట్లో ఉన్నాననీ, అక్కని ఎడం పక్కకి తిప్పి పడుకోబెట్టమనీ, ఇప్పుడే బయలుదేరుతున్నాననీ చెప్పింది.

సోఫాలోనే ఎడం పక్కకి తిరిగి పడుకుంది అక్క. పై చెయ్యి పొట్ట మీదికి తెచ్చి గాజులు కదిలించింది. ఆగి, చూసింది. మళ్లీ కదిలించింది. ఒక్కొక్కసారి ఇంకొంచెం గట్టిగా. ఆ గలగల విన్నకొద్దీ నాకు ఏడుపు తన్నుకొస్తోంది, నేనేడిస్తే ఆవిడ ఏమైపోతుందో అని భయం. బావకి చెబుదామా అంటే వద్దని తలూపింది. అమ్మకి చెబుదామా అన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది. కిందటేడు ఆ కబురు ఫోన్ చేసి చెప్పింది నేను కాదు, ఈసారి నేనే చెప్పాల్సి వస్తుందేమోనన్న ఆలోచన వచ్చి, సోఫా పక్క గోడకి ఆనుకుని నిలబడ్డాను.

అప్పుడు అక్క నా కొంగు లాగినట్టుగా స్వెట్టరు అంచు పట్టుకుని కిందికి లాగింది.

"నువ్వు చూశావుగా. చివరికేమవుతుందో చెప్పు."

ఏ చివర అని ఒక్క క్షణం బిత్తరపోయాను. ఆవిడ టీవీ వైపు చూస్తోంది. సోఫా పక్కన నేల మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. పెద్దన్నయ్య ఇప్పుడు తిడతాడు గానీ తర్వాత వాడే ఏడుస్తాడని, చిన్నవాడి పెళ్లికి పిలవకపోయినా వస్తాడని, తల్లి ఇద్దరి చేతులూ కలుపుతుందని. కథ అయిపోయింది, మిడ్‌వైఫ్ ఇంకా రాలేదు. అక్క గాజులు మోగిస్తూనే ఉంది. కథ ఆగితే ఆ చప్పుడు ఒక్కటే మిగులుతుంది కాబట్టి, సినిమాలో లేనివి కూడా చెప్పుకుపోయాను. చిన్నవాడికి కూతురు పుట్టిందన్నాను. ఆ పిల్లకి పెద్దన్నయ్య బారసాల చేశాడన్నాను. పిల్ల బడికెళ్లింది, అల్లరి చేసింది, తండ్రి మాట వినలేదు, జడ వేయించుకోనంది. అబద్ధమని అక్కకి తెలుసు. ఆపమనలేదు. ఇంకా, అంది.

వాకిట్లో కారాగింది. మిడ్‌వైఫ్ బూట్లు విప్పి లోపలికొచ్చి, ఏమీ అడక్కుండా మోకాళ్ల మీద కూర్చుని, పొట్ట మీద జెల్ రాసి, బిడ్డ గుండె చప్పుడు వినడానికి చేతిలో పట్టుకునే చిన్న యంత్రం ఆనించింది. బరబరమని చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంకో చోట పెట్టింది, అదే బరబర. ఇంకాస్త కిందికి జరిపింది. ఆ గది పైకప్పూ, పొగ పట్టిన ఆ గోడా ఈనాటికీ కళ్లకి కడుతున్నాయి, అక్క మొహం మాత్రం గుర్తులేదు, చూడలేదు కాబట్టి.

తర్వాత వినిపించింది. మా అమ్మ కుట్టుమిషను గబగబా తొక్కితే వచ్చే చప్పుడు. అక్క నోటి వెంట మాట కాని శబ్దమేదో వచ్చింది. మిడ్‌వైఫ్ చాలాసేపు అలా వింటూనే ఉండి, బాగుంది, అయినా ఆసుపత్రికి వెళ్లి ఒకసారి పెద్ద మిషను మీద చూపించుకుందాం, నేనే తీసుకెళతానంది. లేస్తూ గాలి పీల్చి, ఓవెన్‌లో ఏదో పెట్టినట్టున్నారు, చూసుకోండి అంది.

నాకు కేకు సంగతే గుర్తులేదు. ఉరికి తలుపు తెరిస్తే, పైన నల్లబడి అంచులు మాడిన కేకు, మధ్యలో గుండ్రంగా పొంగి నిలబడి ఉంది. చెరువు లేదు. తెరిచి చూడ్డానికి ఎవరూ రాలేదు కదా. వేలికి చురుక్కుమనేదాకా పళ్లెం వట్టి చేత్తో పట్టుకున్నానని తెలియలేదు. ఆసుపత్రిలో అంతా బాగుందని చెప్పి పంపేశాక, ఆ మాడు గీకి పారేసి అక్కా నేనూ సగం కేకు తినేశాం. సినిమా మాత్రం మళ్లీ పెట్టలేదు, డిస్కు అలాగే తిరిగిచ్చేశాం.

ఇప్పుడు ఆ కొట్టు లేదు, డిస్కులు లేవు. ఆ చెక్క ఇల్లు భూకంపంలో బీటలు తీస్తే కూలగొట్టేశారని విన్నాం. సినిమా పేరు చెబితే చాలు కథంతా ఫోన్లోనే దొరుకుతుంది, అయినా అక్క కూతురు చూడదు, ఎవరైనా చివర చెప్పబోతే చెవులు మూసుకుంటుంది. తెలియకపోవడంలోనే మజా ఉందట దానికి. అంత ధైర్యం దానికెక్కడిదో నాకు తెలియదు. ఆ శనివారం గురించి దానికి మేమెవ్వరం చెప్పలేదు.

వచ్చే ఫిబ్రవరిలో అది క్రైస్ట్‌చర్చ్ యూనివర్సిటీకి వెళుతోంది. రిక్కార్టన్‌లోనే స్నేహితులతో ఫ్లాట్ చూసుకుందట. అక్క సరేనంది, సంతోషమేనంది. బంగారం వేసుకున్నా వేసుకోకపోయినా అక్క ఎడం చేతికి ఈనాటికీ నాలుగు మట్టిగాజులుంటాయి. సెలవు రోజుల్లో పిల్ల ఆలస్యంగా లేస్తే, మేడ మీదికెళ్లి, గది తలుపు తెరవదు, బయటే నిలబడి చెయ్యి కదిలిస్తుంది. లోపల అది మంచం మీద అటునించి ఇటు దొర్లి, మమ్, ప్లీజ్, పొద్దున్నే ఆ నాయిస్ ఏంటి అని విసుక్కుంటుంది. ఆ విసుగు చెవిన పడ్డాకే అక్క మెట్లు దిగి వచ్చి కాఫీ పెట్టుకుంటుంది.