తాడు కట్టే మనిషి

తెడ్డక్కకు నోరు ఎక్కువ, ఆమె మొగుడికి మతిమరుపు ఎక్కువ అని డ్యాము ఒడ్డున అందరూ అంటారు. మొదటి మాట ఎవరు పుట్టించారో తెలియదు గానీ, రెండోది మాత్రం తెడ్డక్కే పుట్టించింది.

పెళ్ళయి వచ్చిన మొదటి వారమే ఆమె చేతికి తెడ్డు వచ్చింది. పడవ ముందు భాగంలో మొగుడు నిలబడి వల వదులుతూ ఉంటే, వెనక కూర్చుని పడవ నడిపేది ఆమె. అలా ఆయన వలాయన అయ్యాడు, ఆమె తెడ్డక్క అయింది. అసలు పేర్లు ఎవరైనా అడిగితే ఇద్దరూ కాసేపు ఆలోచించుకోవాల్సిందే.

తెడ్డు వేయడంతో ఆమె పని అయిపోదు. పడవ ఎక్కడ ఆగినా తాడు పట్టుకుని దూకేది ఆమే, కట్టేదీ ఆమే. అదేమంత గొప్ప పనా అనిపించవచ్చు. కానీ ఇది చెరువు కాదు. పవర్‌హౌస్ వాళ్ళు కరెంటు కోసం నీళ్ళు లాగితే జలాశయం దిగిపోతుంది. ఫ్యాక్టరీలకు సెలవొచ్చి కరెంటు వాడకం తగ్గితే, పైనుంచి వచ్చే నీళ్ళతో మళ్ళీ ఎక్కుతుంది. పని రోజున తాడు పొట్టిగా కడితే సాయంత్రానికి పడవ గట్టుకు వేలాడుతూ కనిపిస్తుంది. సెలవు రోజున పడవ ముక్కు బురదలోకి లాగి, కట్టకుండా వదిలేస్తే, అది తన దారి తాను చూసుకుంటుంది. అందుకే తెడ్డక్క గోడ మీది క్యాలెండరు చూడందే ఇంట్లోంచి కదలదు.

ఒక రాత్రి ఆమె, నడుం పట్టేసింది, రేపు రాలేనంది. వలాయన ఒంటికాలి మీద లేచాడు.

"నువ్వు రాకపోతే డ్యాము ఎండిపోతుందా? అయినా పడవలో నువ్వు చేసేదేముంది, కూర్చుని తెడ్డు తిప్పడమేగా!"

"అయితే నువ్వే తిప్పుకో," అని అటు తిరిగి పడుకుంది.

పొద్దున్నే ఆయన ఒక్కడే వెళ్ళాడు. ఆమె లేచి కూడా చూడలేదు. డ్యాము కట్టిన కూలీలు వదిలేసి వెళ్ళగా తమ ఇల్లయిన రేకుల గదిలో, చాలా ఏళ్ళకు తీరిగ్గా కాళ్ళు చాపుకుంది. ఆ వేళ ఫ్యాక్టరీలకు సెలవన్న సంగతి క్యాలెండరు చెబుతూనే ఉంది. వినేవాళ్ళు లేరు.

మధ్యాహ్నం ఆమె తమ్ముడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వాడిదీ పడవ పనే.

"బావ పడవ నీళ్ళ మధ్యలో తేలుతోందక్కా. లాక్కొచ్చాను. అందులో బావ లేడు."

ఆమె గట్టుకు పరిగెత్తింది. పడవలో ఆయన చొక్కా ఉంది, మూత తీయని భోజనం డబ్బా ఉంది. వల లేదు. ఇన్నేళ్ళుగా చేపలు పట్టి బతుకుతున్న ఆ మనిషికి ఈత రాదు. ఎన్నిసార్లు నేర్పబోయినా, "పడవ ఉండగా ఈతెందుకే?" అనేవాడు.

తమ్ముడి పడవలో బయలుదేరారు. నడుం నొప్పి ఎటు పోయిందో పోయింది. ఆయన వల బాగుచేసుకునే మొదటి దిబ్బ దగ్గరికి వెళ్తే అక్కడ దిబ్బే లేదు. నీళ్ళు ఎక్కేసి, నాలుగు మోడుల కొసలు మాత్రం కనిపిస్తున్నాయి. ఆమె ఏడవలేదు. తెడ్డు మాత్రం ఆపలేదు. నొప్పి ఉన్న మాట నిజమే గానీ, రాలేనంత నొప్పి కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

రెండో దిబ్బ ఎత్తుగా ఉంటుంది. దాని చుట్టూ తిరిగేసరికి బండ మీద వలాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో వల. చీమ కుట్టినట్టయినా లేకుండా కన్నాలు అల్లుకుంటున్నాడు.

తెడ్డక్కకు ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణం నేరుగా నోట్లోకే వచ్చింది. పడవ ఆగకముందే దూకి, మోకాలి లోతు నీళ్ళలో పరిగెత్తింది.

"ఏమయ్యా, బతికే ఉన్నావా!"

"మోడుకు తగిలి వల చిరిగిందే," అన్నాడాయన.

"వల మాట తర్వాత! పడవ కట్టడానికి చేతులు పడిపోయాయా?"

వలాయన బుర్ర గోక్కున్నాడు. "నువ్వు కట్టావనుకున్నా."

"నేనెక్కడున్నానయ్యా? ఇంట్లో కదా ఉన్నాను!"

"అదే... మరిచిపోయాను. వల భుజాన వేసుకుని దిగుతూ, వెనక్కి తిరక్కుండానే తాడు జాగ్రత్తే అని కూడా అన్నాను. జవాబు రాలేదు. ఇంకా అలకలోనే ఉన్నావనుకున్నా."

తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చి, పైట కొంగు రెంటికీ చాలలేదు.

వెనక నుంచి తమ్ముడు కేకేశాడు. "అక్కా, నువ్వూ దూకేశావు. తాడు ఎవరు కడతారే?"

"ఉండరా," అంటూ ముక్కు తుడుచుకుని ఆమె నీళ్ళలోకి దిగింది. "నేనే కడతాను."