ఖాజా భాయ్ చుక్క

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది: పని పూర్తి కాకుండానే అయిపోయిందని చెప్పి లేచాను. దయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ణి. తీగ ఉంటేనే కబురు పోతుందని నమ్మే వృత్తి నాది.

శక్తినగర్ దారిలో ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాణ్ణి. మెయిల్ సర్వర్ వెనక భవనంలో, వేరే నెట్‌వర్క్ మీద ఉండేది. ఆఫీసు కంప్యూటర్లను దానికి కలపమన్నారు. నడుమ రౌటర్ పెట్టి, ఇటు నుంచి అటు దారి వేశాను. జవాబు తిరిగి రావడానికి, అది ఎటు పోవాలో చెప్పే దారి సర్వర్‌లోనూ రాయాలి. అది మరిచాను. అయినా రౌటర్ మీద పచ్చ లైటు వెలిగింది. కల్మలలో బంధువుల గృహప్రవేశానికి ఆలస్యమవుతోందని బండెక్కాను.

ఇదే ఆఫీసులో నాకీ పని నేర్పిన ఖాజా భాయ్ అప్పటికి చనిపోయి కొన్ని నెలలైంది. "లైటు చూసి లేవకు బేటా. ఒక చుక్కన్న పంపి చూడు" అనేవాడు. ఒక్క చుక్క మాత్రమే ఉన్న మెయిల్ నా ఫోనుకు పంపి, అది చేరాకే కుర్చీలోంచి లేచేవాడు.

విస్తరి ముందు కూర్చోగానే మా ఆఫీసులో లెక్కలు చూసే నింగప్ప ఫోన్ చేశాడు. ఆయన భార్యకు హైదరాబాద్‌లో ఆపరేషన్. ఖర్చుకు కంపెనీ చిరునామా నుంచి మంజూరు మెయిల్ వస్తేనే చేస్తారట. మెయిల్ పోవడం లేదు. తిరుగు దారి రాయలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఖాజా భాయ్ వేసిన పాత తీగలు తెగినట్టున్నాయి" అన్నాను. చనిపోయినవాడి మీదకు నెట్టేశాను.

వెనక్కి వచ్చేసరికి నింగప్ప గుమ్మంలోనే ఉన్నాడు. "ఆమెను థియేటర్ బయటనే పండబెట్టిన్రు. ఏమన్న చెయ్యి, సారూ."

ఆ దారి రాయాల్సింది సర్వర్ గదిలో; దాని తాళంచెవి మేనేజర్‌తో బెంగళూరు పోయింది. వాచ్‌మన్, నేను రాయితో తాళం మీద కొట్టాం. ఊడలేదు. చేతులు రక్తమయ్యాయి. ఏం చేయాలో తోచక ఆఫీసులోకొచ్చి రెండు నెట్‌వర్క్‌లనూ కలిపే ఒకే ఒక కేబుల్‌ను పీకాను, మళ్లీ పెట్టి చూద్దామని.

కేబుల్ చేతిలోనే ఉంది. నా ఫోన్ మోగింది. ఆఫీసు చిరునామా నుంచి మెయిల్. లోపల ఒక్క చుక్క.

నేను దాన్నే చూస్తుండగా నింగప్పకు ఆస్పత్రిలో ఉన్న బావమరిది ఫోన్. మంజూరు మెయిల్ అందిందట, ఆమెను లోపలికి తీసుకుపోతున్నారట. నింగప్ప నేల మీద కూలబడి నా రక్తపు చేతులు పట్టుకున్నాడు. "నీ కాళ్లు మొక్కుత సారూ" అన్నాడు. కేబుల్ ఇంకా పెట్టలేదని చెప్పలేకపోయాను.

మర్నాడు గది తెరిచారు. సర్వర్‌లో తిరుగు దారి లేదు. నింగప్ప కంప్యూటర్‌లో ఆ మెయిల్ పోకుండా అలాగే కూర్చుని ఉంది. ఆస్పత్రికి చేరింది ఏది, ఎవరు పంపారు, నాకు ఇప్పటికీ తెలియదు.

నింగప్ప భార్య కోలుకుని ఇంటికొచ్చాక ఇద్దరికీ నిజం చెప్పాను. మేనేజర్‌కూ చెప్పాను. తర్వాత ఖాజా భాయ్ ఊరు అరకేర పోయి, ఆయన భార్య ముందు తల వంచుకుని నిలబడ్డాను. నా తప్పు ఆయన మీద వేశానన్నాను.

ఆమె నా చేతుల మీది గాయాలు చూసింది.

"ఆయన గుడ దారి రాసేది ఎన్నిసార్లో మర్చిండు బేటా" అంది. "అందుకే చుక్క పంపుతుండె."