లేని జొరం

రాయగడ మునిసిపాలిటీలో వీధులూడ్చే దేముడమ్మ పాత బడి గేటు దగ్గరికి వచ్చేసరికి కొంగు మొహం మీదికి లాక్కుని, చీపురు గబగబా విసురుతుంది. ఆ వీధిలో కాపురమున్నన్నాళ్లూ "మన బడిలోనే ఎయ్యండి పిల్లల్ని, నేకపోతే మూసేస్తారు" అని ఇంటింటికీ తిరిగి బతిమాలింది తనే. ఉన్న ఒక్క మాస్టారికీ ఆఫీసు పనులతోనే సరిపోయి, కూతురు రీనాకి కూడికలు కూడా రాకపోయేసరికి, మంచి సర్కారీ బడి ఉందని స్టేషను వైపు ఇల్లు తీసుకుని పిల్లని అందులో వేసిందీ తనే. "ఇల్లే మారేం, బడి మారనేదు. అమ్మికి జొరం, అందుకే రానేదు" అని పాత వీధిలో బొంకింది.

ఈవేళ గేటు దగ్గర రీనా స్నేహితురాలు లిప్సా కాసుకుని ఉంది. "అత్తా, రీనాకి జొరం తగ్గిందేటి? దాని సోటు ఎవులికీ ఇవ్వనేదు. నా సంచీ ఎట్టి ఉంచేను."

"ఇంకా తగ్గనేదమ్మీ" అంది దేముడమ్మ, ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తూ.

బిడ్డకి లేని రోగం ఉందని నోట అంటే నిజమవుతుందని ఆమె భయం. ఇంటికి రాగానే చేతులు కడుక్కుని రీనా నుదుటి మీద చెయ్యి వేసింది. కొత్త బడి పుస్తకంలోంచి తలెత్తకుండానే పిల్ల విసుక్కుంది. "రోజూ ఏటి సూస్తావే అమ్మా? నాకేటీ నేదు."

నుదురు చల్లగానే ఉంది. అయినా దేముడమ్మ మెడ కింద కూడా తడిమి చూసింది.