గిన్నెక్క గిన్నె మానేసిన రోజు

మున్సిపాలిటీలో ఆమె జంతు సంరక్షణ ఇన్‌స్పెక్టర్. వీధుల్లో మాత్రం గిన్నెక్క. ఇప్పుడామె సంచిలో గిన్నె లేదు. పేరు మాత్రం పోలేదు.

ఒకప్పుడు ఏ ఇంటికి తనిఖీకి వెళ్లినా ముందు స్టీలు గిన్నెను చెంచాతో టంగుమనిపించేది. కడుపు మాడిన కుక్క పరుగున వస్తుంది, తిన్న కుక్క బద్ధకంగా వస్తుంది. రాని కుక్కను ఆ రోజు వరకు ఆమె చూడలేదు.

ఆ మధ్యాహ్నం ఒకావిడ ఫోన్ చేసింది. "పక్కింట్లో మూడు కుక్కలున్నాయమ్మా. ఒక్కసారీ మొరగవు. భయమేస్తోంది."

"మొరిగితే ఒక గొడవ, మొరక్కపోతే ఇంకో గొడవ. పాటలు పాడాలేమో," అన్నాడు డ్రైవర్.

వెళ్లేసరికి ఆ ఇల్లు అద్దంలా ఉంది. "అంతా చూసుకోండి మేడం," అన్నాడు ఇంటాయన నవ్వుతూ. భార్య మంచినీళ్లు తెచ్చింది. మండుటెండల్లో, ఇంట్లో, ఆమె కాళ్లకు మందపాటి సాక్సులు. కుక్కలు గోడవార బారుగా కూర్చున్నాయి. నున్నటి బొచ్చు. ఒంటి మీద ఒక్క గాటు లేదు. హింస జరిగిన గుర్తులు కళ్లారా చూస్తేనే జంతువును తీసుకెళ్లే అధికారం చట్టం ఆమెకిచ్చింది.

గిన్నె తీసి కొట్టింది.

మూడు కుక్కలూ చప్పుడు లేకుండా మంచం కిందికి దూరాయి. వాటి కింద నేల తడిసింది. అదే క్షణంలో గ్లాసు జారిపడింది. భార్య గోడకు అంటుకుపోయి, చేతుల్లో తల దాచుకుని కూలబడింది. మళ్లీ లేచి నవ్వింది. "కళ్లు తిరిగాయండీ."

"ఎండకు తట్టుకోలేదు లెండి," అన్నాడు భర్త. అతని నవ్వు చెరగలేదు.

గిన్నెక్క మంచం కింద టార్చ్ వేసింది. కుక్కల పాదాల అడుగున చెంచా అచ్చులా కాలిన మచ్చలు, పాతవి, కొత్తవి. ఆమె చూపు సాక్సుల మీదికి వెళ్లింది. కుక్కలకు చట్టం చాలు. ఈమెను తీసుకెళ్లే అధికారం తనకు లేదు. పోలీసులు వచ్చేలోపు ఈ తలుపు మూసుకుంటుంది.

"వీటిని తీసుకెళ్తున్నా. అలవాటైన మనిషి వెంట రావాలి. రూల్."

"నేనొస్తా," అన్నాడు భర్త.

"సరే, పిలవండి."

అతను పిలిచాడు. మంచం కింద ఏదీ కదల్లేదు. భార్య నేల మీద కూర్చుని చెయ్యి చాపింది. మూడూ వచ్చాయి.

"చెప్పులు వేసుకోనాండీ?" అని ఆమె భర్తనడిగింది.

"వేసుకో. తొందరగా వచ్చెయ్," అన్నాడతను, అదే నవ్వుతో.

వ్యాన్ కదిలాక డ్రైవర్ గొంతు తగ్గించాడు. "అక్కా, అలాంటి రూల్ ఉందా?"

"రోడ్డు చూసి నడుపు."

గుంతలో చక్రం పడింది. సంచిలో చెంచా గిన్నెకు తగిలి మోగింది. వెనక సీట్లో నలుగురూ ఒక్కసారే ముడుచుకున్నారు. గిన్నెక్క గిన్నెను తువ్వాలులో బిగించి చుట్టి, ఒళ్లో పెట్టుకుంది.

"ముందు మనుషుల ఆసుపత్రికి పోనీ."