ఆ ఇంటికి నేను మోసుకెళ్ళిన జ్వరం

1957వ సంవత్సరం, ఎండాకాలం చివరి రోజులు. విడవలూరుకు తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లె డిస్పెన్సరీలో నేను నర్సుగా చేరి రెండేళ్ళయింది. డిస్పెన్సరీ అంటే పెద్ద ఆసుపత్రి కాదు. ఒక డాక్టరు గారు, మందులు కలిపిచ్చే కాంపౌండరు, కాన్పులు చూడటానికి నేను. మంచాలు నాలుగే.

ఆ రోజుల్లో మద్రాసు వైపు నుంచి ఫ్లూ వచ్చింది. ఊళ్ళో ఎవరూ దాన్ని ఫ్లూ అనలేదు, పడిశం జ్వరం అన్నారు. మూడు రోజులు ఒళ్ళు కాలిపోవడం, కీళ్ళ నొప్పులు, దగ్గు. నాలుగైదు రోజులకు చాలామంది లేచి పొలానికో చేపల వేటకో వెళ్ళిపోయేవారు. అందుకే ఎవరికీ భయం లేదు. నిజం చెప్పాలంటే నాకూ లేదు. కాంపౌండరు మంచాన పడేసరికి సీసాల్లో మందు పోసివ్వడం కూడా నా పనే అయింది. పొద్దున్నే వరండా నిండా జనం.

ఒక సోమవారం లేచేసరికి నాకు గొంతు మంట, నడుము నొప్పి. థర్మామీటరు పెట్టుకోలేదు. పెట్టుకుంటే సెలవు అడగాల్సి వస్తుంది. జ్వరానికీ నొప్పులకీ అప్పట్లో ఇచ్చే ఎ.పి.సి. మాత్ర ఒకటి మింగి పనిలోకి దిగాను. ఒంట్లో బాగోకపోయినా పని మానలేదని లోపల కొంచెం గర్వంగా కూడా ఉండింది.

ఆ మధ్యాహ్నం మస్తాన్ ఇంటికి పోస్ట్‌నేటల్ విజిట్‌కు వెళ్ళాలి. కాన్పయిన ఇంటికి మళ్ళీ వెళ్ళి తల్లినీ బిడ్డనూ చూసి రావడాన్ని అలా అంటాం. మస్తాన్ సైకిలు మీద ఊరూరా తిరిగి గాజులు అమ్మేవాడు. అతని భార్య కరీమాకు రెండు రోజుల ముందు నా చేతుల మీదే తొలి కాన్పు, ఆడపిల్ల. నెలలు నిండాయని అతను వారం రోజులుగా వ్యాపారానికి వెళ్ళలేదు. ఇంట్లో ఇంకో మనిషి అతని తల్లి బీబీజాన్. అరవై దాటింది, పాత ఉబ్బసం.

బిడ్డ బొడ్డు చూసి, కరీమాను పరీక్షించి లేవబోతుంటే బీబీజాన్ నా మణికట్టు పట్టుకుంది.

"ఏందిమ్మా, నీ ఒళ్ళు ఇట్టా కాలతా ఉండాది?"

"ఏం లేదు పెద్దమ్మా, ఉత్త పడిశమే."

"పడిశమైతే మాత్రం? కాసేపు కూచో."

మిరియాల కషాయం కాచి ఇచ్చి, నేను తాగేదాకా పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరింది. ఆ కాసేపట్లో ఎన్నిసార్లు దగ్గానో నాకు గుర్తులేదు.

మంగళవారం నేను లేవలేకపోయాను. మళ్ళీ పనిలోకి వచ్చింది శనివారం. ఆ పొద్దునే మస్తాన్ పరుగెత్తుకొచ్చాడు.

"నర్సమ్మా, మా అమ్మకు ఆయాసంగా ఉండాది. బుధవారం నించీ జొరం. ఉబ్బసమే గదా అనుకున్నాము."

డాక్టరు గారూ నేనూ వెళ్ళాం. కరీమా కూడా జ్వరంతో పడుకుని ఉంది. బీబీజాన్ గోడకు ఆనుకుని కూర్చుని ఊపిరి కోసం పెనుగులాడుతోంది. పెదవులు నీలంగా ఉన్నాయి. డాక్టరు గారు వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, "న్యుమోనియా" అన్నారు. ఫ్లూతో బలహీనపడ్డ ఊపిరితిత్తులకు చీము పట్టడం అది. పెన్సిలిన్ ఇంజెక్షన్ చేసి, ఆక్సిజన్ కావాలి, నెల్లూరు తీసుకుపొమ్మన్నారు. కోవూరు దాకా బండి, అక్కణ్ణించి మోటారులో పెన్నా దాటించాం. బండిలో నేను ఆమెను ఒళ్ళో ఆనించుకుని కూర్చున్నాను.

"బిడ్డకు జొరం రాలేదు గదా?" అని అడిగింది.

"రాలేదు పెద్దమ్మా."

ఆ తర్వాత మాట్లాడే ఓపిక ఆమెకు లేకపోయింది. మూడోరోజు పెద్దాసుపత్రిలో పోయింది.

కరీమా వారానికి కోలుకుంది. పాలిచ్చేటప్పుడల్లా ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోమన్నాము. బిడ్డకు ఏమీ కాలేదు.

పది రోజులకు ఆ ఇంటికి వెళ్ళాను.

"మస్తానన్నా, ఆ జొరం మీ ఇంటికి నేనే తెచ్చినాననుకుంటా."

అతను తల అడ్డంగా ఊపాడు. "ఊరంతా ఉండింది గదమ్మా. ఎవురి నించి వచ్చిందో ఎట్టా చెప్తాము?"

"మీరెవరూ బయటికి పోలేదు. జొరంతో మీ గడప తొక్కింది నేనే."

కరీమా బిడ్డను ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. మస్తాన్ మాత్రం, "మసూచికి టీకా ఉండాది గదా. దీనికి లేదా?" అని అడిగాడు.

"పై దేశాల్లో చేస్తా ఉండారంట అన్నా. మన దాకా రాలేదు."

మరుసటి ఏడు మసూచి టీకాలు వేసేవాళ్ళు ఊళ్ళోకి వచ్చారు. వాళ్ళను చూస్తే చాలు, కొందరు తలుపులు మూసేవారు. నేను బిడ్డల చేతులు పట్టుకోవడానికి వాళ్ళ వెంట ఉన్నాను. అందరికంటే ముందు వచ్చింది కరీమా. ఏడాదిగా నాతో మాట్లాడని మనిషి. నా ఎదుట నిలబడి, "ముందు నీకు ఒంట్లో బాగుండాదా?" అని అడిగింది.

"బాగుండాది."

అప్పుడు బిడ్డను నా చేతికిచ్చింది. "ఏడుస్తాది, గట్టిగా పట్టుకో అక్కా."

ఆమె అడిగింది సరైన ప్రశ్న. తర్వాత నా కింద పనిచేసిన నర్సులందరినీ నేను అదే అడిగాను. జ్వరంతో వచ్చినవాళ్ళను ఎంత పనున్నా ఇంటికి పంపేశాను. కొందరు విసుక్కున్నారు.

ఫ్లూ టీకా మా నెల్లూరులో దొరికే నాటికి నేను రిటైరయ్యాను. ఆ క్రిమి రూపు మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి టీకా ఏటా వేయించుకోవాలి. వేయించుకున్నా ఒక్కోసారి జ్వరం రావచ్చు గానీ, ప్రాణం మీదికి రావడం తగ్గుతుంది. ముసలివాళ్ళకు, గర్భిణులకు, పసిబిడ్డలకు, ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఈ జ్వరం చాలా ప్రమాదం. బీబీజాన్‌కు టీకా వేయించుకునే అవకాశం లేకపోయింది, నాకు వచ్చింది. మొదటిసారి టీకా వేయించుకున్న రోజు ఆసుపత్రిలో డాక్టరమ్మ, "ఈ వయసులో మీకు మంచిదేనండీ" అంది.

"నాకోసమే కాదమ్మా, నేను గడప తొక్కే ఇళ్ళ కోసం కూడా" అన్నాను.