అల్లుడు కొనిచ్చిన కళ్లజోడు

"కళ్లజోడు తేలేదని చెప్పవే," అన్నారు మా ఆయన, ఆసుపత్రి మంచమ్మీంచే. నర్సు నా చేతిలో కాగితం పెట్టి, చదివి సంతకం చెయ్యమంది మరి. "చెప్పాన్లెండి, మీరు కళ్లు మూసుకోండి," అన్నాను. మూసుకున్నారు. ఇంక మాట్లాడలేదు. మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. దేవుణ్ణి తలుచుకుంటూ పోయారని ఊళ్లో అందరికీ చెప్పాను. కాదు. అలాగే రాయవే అమ్మాయ్.

నాకు చదువు లేదని ఆయన ఎవరికీ తెలియనివ్వలేదు. సంతకం ఒక్కటీ నేర్పించారు. అక్షరాలు విడివిడిగా పోల్చుకుంటాను, ఒత్తులొస్తే ఆగిపోతాను. పెళ్లి కార్డొచ్చినా, బస్సు బోర్డు చదవాలన్నా కళ్లజోడు వంకే. ఆయన పోయాక నా కూతురు, అదే నువ్వే, అలాగే రాయి, నన్ను సింగపూర్ తెచ్చి, బూన్ లేలో తన ఫ్లాట్‌లో పెట్టుకుంది. ఆ వంక కూడా నాతోపాటే విమానం ఎక్కింది.

మా అల్లుడు అమెరికావాడు. ఇక్కడే వన్-నార్త్ అనే పేటలో అమ్మాయి పనిచేసే లాబ్‌లోనే పని. సెలవొస్తే కంప్యూటర్ ముందు కూర్చుని వాళ్ల పూర్వీకుల్ని వెతుక్కుంటాడు. ఓ ఆదివారం ఎగిరి గంతేశాడు. అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు కిందున్నప్పటి తాత దొరికాడట, వీలునామాతో సహా. అల్లుడు చదువుతుంటే అమ్మాయి తెలుగులో చెప్పింది: నా భార్యకి ఒక ఆవు, ఒక మంచం, వంటింటి పక్క గది. మళ్లీ పెళ్లి చేసుకోనంతకాలం వాడుకోవచ్చు.

"చచ్చాక కూడా కాపలానా, ఏం మనిషే!" అన్నాను. అందరూ నవ్వారు. నాకు ఊపొచ్చింది.

తర్వాత ఇంకో కాగితం చూపించాడు. ముసలాయన పోయాక ఆ భార్య కోర్టులో ఇచ్చింది. సంతకం ఉండాల్సిన చోట రెండే గీతలు, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. పక్కన గుమాస్తా 'ఇది ఈమె గుర్తు' అని రాశాడట.

"పేరు రాయడం కూడా రాదా? కోడి గీకినట్టు గీకింది!" అన్నాను. పగలబడి నవ్వాను. నేనొక్కదాన్నే. అమ్మాయి నా వంక చూసి చూపు తిప్పేసుకుంది. నేల చీలితే బాగుండుననిపించింది.

అల్లుడికి ఇంకో దిగులు. ఆవిడ పుట్టింటివాళ్లెవరో ఎక్కడా లేదట, ఎవరూ రాసిపెట్టలేదట. తన కూతురికి, అదే నా మనవరాలికి, అలా జరగకూడదన్నాడు. ఒక దళసరి కాగితం తెచ్చి, మా అమ్మ పేరు, వాళ్లమ్మ పేరు, వాళ్ల ఊళ్లు నన్నే నా చేత్తో తెలుగులో రాయమన్నాడు. పటం కట్టిస్తాడట.

"కళ్లజోడు కనపడ్డం లేదు నాయనా," అన్నాను.

పై వారమూ అదే మాట. ఆ పై వారం "అత్తయ్యా, రండి," అని తనకొచ్చిన నాలుగు ముక్కల తెలుగులో పిలిచి, చెయ్యి పట్టుకుని కళ్లజోళ్ల షాపుకి తీసుకెళ్లాడు. గోడ మీద అంకెలు చదవమన్నారు. అంకెలు నాకు బాగా వచ్చు, శుభ్రంగా కనపడుతున్నాయి కూడా. అయినా ఎనిమిదిని మూడన్నాను, ఆరుని సున్నా అన్నాను. షాపులో చీనా పిల్ల "అయ్యో ఆంటీ, వెరీ బ్యాడ్ లా!" అని ఇక్కడివాళ్ల యాసలో జాలిపడింది. సోడాబుడ్డి అద్దాలు వచ్చాయి. పెట్టుకుంటే నేల పడవలా ఊగుతోంది. "బాగుందా అత్తయ్యా?" అంటే, "బ్రహ్మాండం," అని గుమ్మానికి గుద్దుకున్నాను. పాపం, పిచ్చివాడు, తన వేలితో నా నుదురు రుద్దాడు.

ఇప్పుడా కాగితం బల్ల మీదే ఉంది. సాయంత్రం వస్తూనే అడుగుతాడు. ఇంక ఏ మొహంతో అబద్ధం చెప్పను?

అది ఇలా తియ్యి. పేర్లు, ఊళ్లు నేను చెప్తాను, నువ్వు రాయి. సంతకం పెట్టి చదువుకున్నదాన్ననిపించుకోను. ఆవిడలాగే రెండు గీతలు పెడతాను, పక్కన గుమాస్తా మాట నువ్వు రాయి. ఇప్పటిదాకా చెప్పిందంతా వాడికి ఇంగ్లీషులో చెప్పు. నవ్వితే నవ్వనీ, నేను నవ్వలేదూ?

కోడి గీకుడన్న ముక్క రాశావా? తీసేసే ఉంటావు, అన్నీ కప్పిపుచ్చే మీ నాన్న బుద్ధే నీదీ. ఏదీ, మొదట్నుంచి చదివి వినిపించు.